పది పిన్నులూ పడ్డాయి

కూలిన పది బౌలింగ్ పిన్నుల మధ్య ఒక మనిషి చెయ్యి కనిపించింది.

కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. యూనిట్ అంతా చప్పట్లు కొడుతోంది. చెయ్యిని ముందు చూసింది మేకప్ వేసే అమ్మాయి. ఆమె కేకకి చప్పట్లు ఆగిపోయాయి. పిన్నుల్ని ఊడ్చి, మళ్లీ నిలబెట్టే పెద్ద మెషిన్ అప్పటికే కిందికి దిగింది. ఎవరో పరుగెత్తి స్విచ్చి ఆపేసరికి, దాని కింద బౌలింగ్ హాలు మెకానిక్ ప్రాణం పోయింది.

తీస్తున్నది నవ్వుల సినిమా. బంతి పట్టుకోవడం కూడా రాని ఓ గుమాస్తా చివరికి బౌలింగ్ కప్పు కొట్టే కథ. హీరోకి ఆట నిజంగానే రాదు. అతని షాట్లప్పుడు మెషిన్ ఆపేసి, పిన్నులకు సన్నటి నైలాన్ దారాలు కట్టి, వెనక నుంచి మెకానిక్ లాగేవాడు.

అసలు ఆట కనిపించాల్సిన షాట్లకు మాత్రం డూపు. అతను మెకానిక్‌కి బావమరిది. ఒకప్పటి ఛాంపియన్. మణికట్టు విరిగాక ఏళ్ల తరబడి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. బావే కాళ్లావేళ్లా పడి ఈ పని ఇప్పించాడు. ఒక్క షాటు చెడినా ఇంకొకణ్ణి తెచ్చుకుంటానని డైరెక్టర్ ముందే చెప్పాడు. ఒక్కటీ చెడలేదు. అతను బంతి వదిలితే పదీ నేలమట్టమే.

ఇన్‌స్పెక్టర్ పిన్నుల వెనక్కి వంగి చూశాడు. దారాలు తెగి ఉన్నాయి. బ్లేడుతో కోసినట్టు నున్నగా.

"జరిగింది డూపు షాటు. దారాలతో పనే లేదు. మరి మెషిన్ నడుస్తుంటే ఇతను లోపలికెందుకు దూరాడు?"

అసిస్టెంట్లు పొద్దుటి గొడవ పూసగుచ్చినట్టు చెప్పారు. మీ బంతి పిన్నుల దాకా రావాలంటే బస్సెక్కాల్సిందే సార్ అని మెకానిక్ అందరి ముందూ అన్నాడట. హీరో అతని కాలర్ పట్టుకుని, నీ అంతు చూస్తానన్నాడట. హీరో గదిలో గడ్డం బ్లేడు దొరికింది. అది ఎవరి గదిలోనైనా దొరికేదే. అయినా హీరోని జీపెక్కించారు.

బూట్లు అద్దెకిచ్చే కౌంటర్ పక్కన బెంచీ మీద మెకానిక్ భార్య కూర్చుని ఉంది. కన్నీళ్లు కూడా రావడం లేదు. డూపు వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"స్విచ్చి తియ్యకుండా మీ బావ అందులో వేలు కూడా పెట్టడు కదరా," అంది ఆమె. "ఆ హీరో మనిషేనా? మాటకి మాట అంటే మనిషిని చంపేస్తాడా?"

"హీరో కాదక్కా. దారాలు కోసింది నేను."

అక్క అర్థం కానట్టు చూసింది. "నీకేం పోయేకాలంరా? ఎందుకు?"

డూపు తన కుడి మణికట్టు వైపు చూసుకున్నాడు.

"ఇన్నాళ్లూ పిన్నుల్ని పడగొడుతున్నది నా బంతా, బావ దారమా అని తేల్చుకుందామని కోశానక్కా. లాగడానికి దారం లేకపోయేసరికి, నలుగురిలో నేను తల దించుకోకూడదని బావ లోపలికి దూరి, పిన్నుల్ని చేత్తో తోసేశాడు."