కుర్రాడైన ధర్మారావు

పలాసలో గాజుల కొట్టువాడు ఆకుపచ్చ గాజుల్ని రత్నాలమ్మ చేతికి ఇవ్వకుండా బల్లమీద పెట్టాడు. ఆమె పట్టించుకోలేదు. తనే తొడుక్కుని టెక్కలి బస్సెక్కింది. బస్సులో ఊరి ఆడవాళ్ళు ఆమెను చూసి మొహాలు తిప్పుకున్నారు.

'కుళ్ళు. మొగుణ్ణి దక్కించుకున్నానని కుళ్ళు' అనుకుంది.

భర్త ధర్మారావుది జీడితోట. ఉద్దానంలో చాలామందికి లాగే అతనికీ కిడ్నీలు చెడ్డాయి. టెక్కలి ల్యాబువాళ్ళు అతని ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాలను గాజుగిన్నెలో పెంచారు. అన్నీ కుదిరితే తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తామన్నారు. చిక్కల్లా ఒకటే. గిన్నెలో పెరిగేకొద్దీ ఆ కణాలు ముసలివైపోతున్నాయి. అందుకే వాటిమీద వయసు తగ్గించే మందులు వేసి చూస్తున్నారు.

సోమవారం వస్తే చాలు, రత్నాలమ్మ ల్యాబులో వాలేది. అక్కడ పరిశోధన చేసే గీతిక ఆమెను మైక్రోస్కోపులోంచి చూడనిచ్చేది. "అదిగో, మీ ఆయన!" అని వేళాకోళం ఆడేది. ఆ ముక్కే తర్వాత స్నేహితులకు చెప్పి నవ్వించేది. రత్నాలమ్మ మాత్రం ఆ గిన్నెకు దండం పెట్టుకునేది.

"ఎలాగున్నాడమ్మా మా ఆయన?" ఆవేళా రాగానే అడిగింది.

"మందు పనిచేసిందమ్మా. కుర్రాడైపోయాడు!"

రత్నాలమ్మ సిగ్గుపడింది. "అలాగైతే ఆయన పక్కన నాను ముసిల్దాన్లా కనిపిస్తానేటో!" అంటూనే కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళ ఎదురుచూపు ఫలించినందుకు ఒళ్ళంతా తేలికైంది. "మరి ఇంటికెప్పుడంపుతారు?"

గీతిక చేతి తొడుగులు విప్పుతోంది. "పరీక్షలు అయిపోయాయి. ఇక మీరు రానక్కర్లేదు."

"అలాగైతే నాతో అంపీండమ్మా. జాగర్తగా తీసుకెళ్తాను. బస్సులో ఒళ్ళో ఎట్టుకుంటాను."

గీతికకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకుంటూ గోడవారనున్న సింకు చూపించింది.

"పని అయ్యాక ఉంచమమ్మా. పొద్దున్నే బ్లీచింగు కలిపి పారబోసేశాం."

రత్నాలమ్మ సింకు దగ్గరకు నడిచింది. అడుగున జాలీ ఇంకా తడిగానే ఉంది.

నిరుడు మొగుడి పెద్దకర్మ నాడు "ఆయనింకా టెక్కలిలో బతికే ఉన్నాడర్రా" అని అరిచి ఆడపడుచులకు అందనివ్వని చేతుల్ని, గాజులన్నీ పగిలేదాకా ఆ సింకు అంచుకేసి తనే కొట్టుకుంది.