పడవ నీడ

"కొత్త కమిటీ మీద కోపముంటే నాతో చెప్పు మావా. పందెమే మానేస్తే ఎలా?" అంది వాణి.

అక్కుపల్లి తీరంలో పర్యాటకుల కోసం ఏటా చలికాలం పడవ పందేలు నడిపే సంఘానికి ఆమె కొత్త కార్యదర్శి. ఈసారి ఊళ్లోంచి ఒక్క పడవా పేరివ్వలేదు.

ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చున్న మత్స్యకారుల పెద్ద పోలారావు తలెత్తలేదు.

"కోపమేటమ్మా. కొత్త టీసర్టులు బిగుతుగా ఉన్నాయంతన్నారు కుర్రోళ్లు."

"పెద్దవి తెప్పిస్తాను."

"పందెం పొద్దున్నే పెట్టినారు. అది సేపల వేటకెల్లీ టైము."

"సాయంత్రానికి మారుస్తాను. ఇంకేటి?"

పోలారావు రోడ్డు మీద ఆగిన వ్యాను వైపు చూశాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊరూరా ఉంది కనుక, పడవెక్కే ప్రతివాళ్లూ రక్తపరీక్ష చేయించుకోవాలని కొత్త కమిటీ నియమం పెట్టింది.

"ఆ రక్తం తీసీ బండిని పంపేయమ్మా."

"బీమావాళ్లు ఒప్పుకోరు మావా. అయినా కిడ్నీ జబ్బు ముందే తెలిస్తే మంచిదే కదా?"

"మా వీధిలో ఇద్దరు డయాలసిస్‌కి పలాస ఎల్తన్నారు. తెలిసిన్నాటి నుంచి ఆల్ల ముకాలు సూత్తన్నాను. తెలీనన్నాళ్లే మావోలు తెడ్డెయ్యగల్రు."



వ్యాను దగ్గర్నుంచి నర్సు పిలిచింది. "మేడం, కమిటీవాళ్లూ రక్తం ఇవ్వాలి. మీదీ ఉద్దానమే కదా, ముందు మీరు రండి."

వాణి చేతిని కొంగు చాటుకు లాక్కుంది.

"టీషర్టులు మార్పించాలి. రేపు చూద్దాంలే."

పోలారావు నవ్వలేదు. కొంచెం జరిగి, పడవ నీడలో ఆమెకూ చోటిచ్చాడు.