నత్తగుల్లల పెట్ట

చుక్కలపెట్టకి తన గుడ్డు పెంకంటే మహా గర్వం. "రాయి మీద పడినా పగలదు నా గుడ్డు" అని పెరడంతా చెప్పుకునేది. ఆ పెంకు కోసమే పొద్దున లేచింది మొదలు ప్రతి మేతతోనూ నత్తగుల్లలు తినేది. గింజ తిన్నా మీద గుల్లే, పురుగు తిన్నా మీద గుల్లే.

రెండుసార్లు పొదిగింది. రెండుసార్లూ ఒక్క పిల్లా లేవలేదు. ఇక సిగ్గు చంపుకుని ముసలి బాతు దగ్గరికి పోయింది. పోయినేడు ఆ బాతును "చప్పిడి ముక్కుదానా" అన్నది ఈ పెట్టే. బాతు అది మరిచిపోలేదు.

"ఏమే, రాళ్లలాంటి గుడ్లు పెట్టావుగా, పిల్లలేవీ?"

"ఎత్తిపొడవకత్తా. నా తిండికేం తక్కువ? అన్నీ తింటున్నాను."

"అన్నీ ఒక్కసారే తింటున్నావు, అదే తప్పు. కడుపులో వాకిలి ఇరుకు. నీ గుల్లల సున్నం గుంపుగా పోయి గుమ్మానికి అడ్డం నిలబడితే, గింజలోని సత్తువ లోపలికెట్లా పోతుంది? ఇంక గుడ్డులో పిల్లకేం మిగులుతుంది? గింజా పురుగూ పొద్దున తిను. గుల్ల సాయంత్రం, అదీ నాలుగు ముక్కలు చాలు."

పెట్ట తల దించలేదు. కానీ ఆనాటినుంచి పొద్దుటిపూట గుల్ల ముట్టలేదు.

మూడోసారి తొమ్మిది పిల్లలు లేచాయి. పెట్ట వాటిని బాతు ముందునుంచే మూడుసార్లు నడిపించింది.

"చూశావా అత్తా? పెంకు మాత్రం గట్టిదే."

"చూశాను. ఒక్కదానికీ చప్పిడి ముక్కు రాలేదు, సంతోషం" అని బాతు మెడ ఎత్తుకుని నీళ్లలోకి దిగిపోయింది.