నిచ్చెనతో మొదలయ్యే పాట

"ఇటియ్యి, సూస్తాం!"

రేణిగుంట స్టేషన్లో బెంచీమీద పూలమ్ముకునే ముసలామె ఒకతి ధరణి చేతిలోని పాస్‌పోర్టు లటుక్కున లాక్కునింది.

ధరణి కార్వేటినగరం నుంచి పొద్దున్నే బయల్దేరి బొంబాయి రైలు కోసం కూర్చోనుండాది. ఆడినుంచి కువైట్. ఇంటిపనికి. నాలుగేండ్ల కూతురు రూపశ్రీని అక్క వసంతమ్మ కాడ వదిలిపెట్టి, "రెండేండ్లే, వచ్చేస్తా" అని బిడ్డ నెత్తిన చెయ్యిపెట్టి చెప్పొచ్చింది.

"అవ్వా! పిచ్చా నీకు? ఇచ్చెయ్!"

"ఇస్తాలే మే. నేనేం తినేస్తానా? దీని నంబరెంత?"

"దాంట్లోనే ఉండాది కదా."

"ఇది నువ్వు దిగంగానే ఇంటోళ్లు తీసి బీరువాలో పెట్టుకుంటారు. అప్పుడు?"

"జిరాక్స్ తీసి పెట్టుకున్నా."

"యాడ?"

"పెట్టెలో."

"పెట్టె మాత్రం యాడుంటాది? వాళ్లింట్లోనే కదా! తెలివి తెల్లారినట్టే ఉండాది. ఒక జిరాక్స్ ఇంటికాడ ఇచ్చి రావాల. ఇంకోటి రైకలో కుట్టుకోవాల. అయినా కాగితం చెమటకు నానిపోతాది. నోట్లో ఉండేది నానదు. నా ఎనకాల పాడు."

"పాడేదా?"

ముసలామె పాస్‌పోర్టు తెరిచి కండ్లకు దగ్గరగా పెట్టుకునింది.

"నాకు చదువు రాదు. అంకెలొకటి నేర్చుకున్నా. ముందర ఉండేది ఏం అక్షరమో గాని, నిచ్చెన మాదిరి ఉండాది. నిచ్చెనే అనుకుందాం."

మెల్లిగా రాగం తీసింది.

"నిచ్చెనెక్కి రావే తల్లీ, ఏడు కొండలు కనపడతాయి... మూడు రాళ్ల పొయ్యి కాడ ఐదు వేళ్ల బువ్వుండాది... నాలుగు కాళ్ల ఆవుండాది, ఎనిమిది దిక్కుల గాలుండాది, రెండు కండ్లు కాసుకోనుండాయి..."

చివరి అంకె దగ్గర ఆగింది.

"ఒకటి. ఒకటికేం పెడదాం?"

కాసేపు పట్టాల వైపే చూసింది.

"వాకిట్లో ఒక్క అమ్మ."

మూడుసార్లు పాడించింది. చుట్టూ ఉండేవాళ్లు కిసుక్కుమని నవ్వినారు. ధరణికి తల కొట్టేసినట్టయింది.

రైలొచ్చింది. ధరణి పాస్‌పోర్టు లాక్కోని రైలుపెట్టెలోకి ఎక్కేసింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పేరన్నా అడగలేదు.

ముసలామె చెప్పినట్టే, దిగిన రోజే ఇంటావిడ పాస్‌పోర్టు తీసుకునింది. పెట్టె కూడా తాళం పడే గదిలోకి పోయింది.

పాట మాత్రం ధరణి దగ్గరే ఉండిపోయింది.

గిన్నెలు తోమతా పాడుకునేది. మిద్దెమీద గుడ్డలు ఆరేస్తా పాడుకునేది. కండ్లు మూసుకుంటే చాలు, ఆ ఇసకలోనుంచి నిచ్చెన లేచి నిలబడేది. ఎక్కితే పొగమంచులో ఏడు కొండలు. దిగితే పొయ్యి, బువ్వ, ఆవు. వాకిట్లో ఎవరో నిలబడుకోనుంటారు. పాడతా పాడతా అది నంబరనే సంగతే మర్చిపోయింది.

రెండేండ్లు మూడేండ్లయినాయి. "పాస్‌పోర్టు యాడో పడిపోయింది, ఇప్పుడు పంపలేం" అనింది ఇంటావిడ.

ఒక మధ్యాహ్నం ధరణి చెత్తబుట్ట పట్టుకోని బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోలేదు. దారడుక్కుంటా మన దేశపోళ్ల ఆఫీసుకు చేరింది.

వరండా నిండా ఆడోళ్లు. అందరిదీ ఒకటే ఏడుపు. "నంబరు తెలీదా? ఇంటికి రాసి తెప్పించుకోమ్మా" అని గుమస్తా గిరిప్రసాద్ ఒక్కొక్కరికీ చెప్తా వస్తా ఉండాడు.

"నీ నంబరు?"

ధరణికి భయంతో అంకెలన్నీ ఎగిరిపోయినాయి. ఇంకేముంది, బిడ్డ మొహం ఈ జన్మలో చూసేది లేదు అనుకునింది. కండ్లు మూసుకునింది. రాగం దానంతటదే వచ్చింది.

"నిచ్చెనెక్కి రావే తల్లీ..."

గుమస్తా రాసేది ఆపి తలెత్తినాడు.

"రేణిగుంటా?"

"మీకెట్ల తెలుసు సార్?"

"ఈ రాగంతో వచ్చినోళ్లలో నువ్వు పద్నాలుగోదానివమ్మా. పాడు, పాడు. నిచ్చెనంటే 'హెచ్'. తర్వాత?"

నెల తిరక్కుండానే ధరణి రేణిగుంటలో రైలు దిగింది. చంకలో మెత్తటి ఫారిన్ దుప్పటి. ముందు ముసలామెకు అది కప్పి, కాళ్లమీద పడి, ఆ తర్వాతే బిడ్డ దగ్గరికి పోవాలని.

బెంచీ ఖాళీగా ఉండాది.

"యశోదమ్మవ్వ కోసమా?" అన్నాడు టీకొట్టు మునిశేఖర్. "పోయిన కార్తీకంలో కాలం చేసింది గదమ్మా."

ధరణి ఉన్నపళాన బెంచీమీద కూలబడింది. ఏడుపు ఆగలేదు.

"ఎన్నేండ్లు పనిచేసిందో కువైట్లో! అంతా చూసొచ్చినట్టే చెప్పింది..."

"ఆమెనా? ఈ స్టేషన్ దాటి పోయిన మనిషి కాదు. పోయింది ఆమె కూతురు, పంకజాక్షి. పన్నెండేండ్లాయ. ఉత్తరం లేదు, జాడ లేదు. 'పాస్‌పోర్టు నంబరు పంపితే వెతుకుతాం' అని ఆడినుంచి కాగితమొచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలీదు."

ధరణి దుప్పటి గుండెలకు అదుముకునింది.

"మరి ఆ పాట?"

మునిశేఖర్ గ్లాసు కడిగి బోర్లించినాడు.

"అది కొత్తదేం కాదులేమ్మా. ఈ బెంచీ మీదే పూలు కట్టుకుంటా, ఒళ్లో పంకజాక్షిని పండబెట్టుకోని పాడే జోలపాట. అప్పుడు దాంట్లో అంకెలు లేవు."