వంటింటి పక్క బల్ల

"గుమ్మడి సూపులో జాజికాయ ఎక్కువైందట," అంటూ జుమానా గిన్నె వెనక్కి తెచ్చింది.

"ఎవరికి?"

"నవూమ్ బాబాయ్‌కి."

ఫాదీ గరిట పక్కన పెట్టాడు. పరదేశంలో, లియోన్‌లో ఆరేళ్ళు వంట చేసి వచ్చినవాడు. బీరూట్‌లో, మార్ మిఖాయెల్ వీధిలో, భార్యతో కలిసి ఈ వైన్ బార్ తెరిచి నాలుగేళ్ళయింది. పొయ్యి అతనిది, ముందరి గది ఆమెది. ఈ వసంతం దాకా అతని గిన్నె ఒక్కటీ వెనక్కి రాలేదు.

"మీ బాబాయ్ నాలుకేమన్నా బంగారమా?"

"మీగడ కొంచెం కలుపు, చాలు."

గొణుక్కుంటూనే కలిపాడు. రుచి మాత్రం చూడలేదు.

ఆ మనిషి ఏప్రిల్‌లో మొదటిసారి వచ్చాడు. చుట్టమేమీ కాదు, జుమానా వరస కలిపి అలా పిలుస్తుందంతే. అప్పట్నుంచి రోజూ వస్తున్నాడు. ఇంకా జనం రాకముందే, పదకొండున్నరకి.

అందరూ కిటికీ పక్క చోటు కోసం పోటీ పడతారు. ఆయన మాత్రం వంటింటి తలుపు పక్కనున్న చిన్న బల్ల దగ్గరే కూర్చుంటాడు.

ఆ రోజు పలక మీద రాసిన వంటలన్నీ తలా కాస్త తెప్పించుకుంటాడు. ఒక్కో చెంచాడు తింటాడు. జహ్లే ఊరి వైన్ ఒక గుక్క తాగుతాడు.

పని వేళలో కూర్చోవడమే ఎరగని జుమానా, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఏదో చెప్పుకుంటారు. ఆమె నవ్వుతుంది.

పళ్ళేలు అందించే కిటికీలోంచి ఫాదీ అంతా చూస్తుంటాడు.

"అరవై దాటినా జుట్టు భలే దువ్వుకుంటాడు మీ బాబాయ్," అన్నాడొకసారి.

"నువ్వూ దువ్వుకో. ఎవరొద్దన్నారు?"

"నా వంట గురించి ఇన్నేళ్ళలో నువ్వొక్క మాట అన్లేదు. ఆయనేదైనా అంటే మాత్రం పరిగెత్తుకొస్తావు."

"ఆయన చెప్పేది నిజం కాబట్టి."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

వేసవి చివర్లో పాత గిరాకీ ఒకాయన వంటింట్లోకి తొంగిచూసి, "ఈ మధ్య నీ చెయ్యి ఇంకా తిరిగిందయ్యా," అన్నాడు. ఫాదీ సంతోషంగా భార్య వైపు చూశాడు.

ఆమె చూపు ఆ చిన్న బల్ల వైపు వెళ్ళింది.

ఫాదీ మళ్ళీ పొయ్యి వైపు తిరిగాడు.

అక్టోబరు వచ్చింది. ఒకరోజు ద్రాక్షపళ్ళతో కౌజు పిట్టలు వండాడు. వెన్నలో పుట్టగొడుగులు వేయించాడు.

నవూమ్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. ఫోర్క్ కింద పెట్టి, జుమానా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాడు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగి ఆయన చేతిని ముద్దు పెట్టుకుంది.

ఫాదీ తలుపు తోసుకుని బయటికొచ్చాడు.

"పెద్దాయనా, మీరు తిండి కోసం వస్తున్నారా, నా పెళ్ళాం కోసమా?"

అప్పుడే వచ్చి కూర్చున్న ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు.

"ఫాదీ," అంది జుమానా.

"రేపట్నుంచి ఇక్కడ మీకు చోటు లేదు. వెళ్ళండి."

నవూమ్ మూతి తుడుచుకుని లేచాడు. ఆయన ముఖంలో కోపం లేదు.

"రేపు నేనెలాగూ రాను అబ్బాయ్. కౌజు పిట్ట బాగా కుదిరింది."

కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు.

జుమానా భర్త వెనకాలే వంటింట్లోకి వచ్చింది.

"తృప్తిగా ఉందా?"

"చెయ్యి పట్టుకుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"ఏమన్నాడో అడగవేం? 'ఇవాళ దిద్దడానికేమీ లేదమ్మా, నీ మొగుడికి వాసన తిరిగొచ్చింది' అన్నాడు."

ఫాదీ ముఖం పాలిపోయింది.

పోయిన చలికాలం జ్వరం తగ్గాక అతనికి ఏ వాసనా తెలియలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అలవాటు మీదే వండాడు. వారం కిందట పొద్దున్నే కాఫీ వాసనకి మెలకువ వచ్చింది. అదీ చెప్పలేదు.

"నీకెలా తెలుసు?"

"వెన్న మాడి వంటిల్లంతా పొగ కంపు కొడుతుంటే, దానికి వీపు పెట్టి తీరిగ్గా ఉల్లిపాయలు తరిగావు. నీతో అంటే కత్తి కింద పెట్టి వంటే మానేసేవాడివి. అందుకే వెళ్ళి ఆయన్ని బతిమాలాను. ఈ ఆరు నెలలూ ఇక్కణ్ణుంచి బయటికెళ్ళిన ప్రతి వంటనీ రుచి చూసింది ఆయనే."

ఫాదీ ఏప్రన్ విప్పాడు.

"ఎక్కడుంటాడు?"

"వెనక సందులో, చివరిల్లు. సాయంత్రం విమానం. బ్రెజిల్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. వేసవిలోనే పోవాల్సింది, మన కోసం ఆగాడు."

ఫాదీ పరిగెత్తాడు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది.

"కారు ఇప్పుడే వెళ్ళింది నాయనా," అంది పై బాల్కనీలో బట్టలారేస్తున్న ముసలావిడ. "ఇక రానని చెప్పి మరీ వెళ్ళాడు."

చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. జుమానా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అందలేదు," అన్నాడు. "అసలు ఎవరాయన? అంత వంట ఎలా తెలుసు?" అని అడిగాడు.

జుమానా వీధి చివర షట్టర్ దించి ఉన్న దుకాణం వైపు చూసింది.

"మనం వచ్చాక ఏడాది తిరక్కుండా జనం లేక మూతపడిందే ఆ మూల హోటలు, దాని పొయ్యి దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి ఆయనే."