ఏడో అంతస్తులో ఆగని చెత్తబండి

లిఫ్టులో తనంతట తానే పైకొచ్చే చెత్తబండి ఏడో అంతస్తులో ఆగడం మానేసిందని కనకవల్లి ఫిర్యాదు పెట్టింది. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి భుజంగరావు స్వయంగా వచ్చాడు.

"బండికి జబ్బేం లేదండీ. అరకిలో తడిచెత్త ఉండే గుమ్మం దగ్గరే అది ఆగుతుంది. మీ అక్కగారు పోయాక మీ ఇంట్లో చెత్త సగమైపోయింది. ఇక మీరు కింద గేటు పక్క డబ్బాలో వేసుకోవాలి. అక్కడ వరసగా నాలుగు రోజులు అరకిలో తూగితే బండి మళ్ళీ మీ గుమ్మానికొస్తుంది."

"కిందికి దిగడానికి నాకేం బాధ లేదు."

"మరి ఫిర్యాదెందుకమ్మా?"

ఆ బండి రోజూ పొద్దున్నే తొక్కల వాసన చూసి, "నిన్న బీరకాయ పచ్చడా అండీ?" అని అడిగేది. అది రావడం మానేసిన ఈ పది రోజుల్లో, ఏం వండుకున్నావని ఆమెను అడిగినవాళ్ళు లేరు.

మర్నాటి నుంచి ఆమె రెండు గ్లాసుల బియ్యం కడగడం మొదలుపెట్టింది. రెండు కంచాల్లో వడ్డించి, ఒకటి తిని, రెండోది చెత్తడబ్బాలో వంచేసేది. అక్క ఉంటే అన్నం పారేసినందుకు వారం రోజులు సాధించేది.

ఐదో రోజు పొద్దున బండి గుమ్మం ముందు ఆగింది. డబ్బా తూచుకుంది.

"గుత్తివంకాయా అండీ? ఇంత మిగిలిందేం, చుట్టాలొచ్చారా?"

"మా అక్కొచ్చింది."

"కొన్నాళ్ళుంటారా?"

కనకవల్లి వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది.

"ఉంటుంది. కానీ ఏమీ తినడం లేదు."