తడి మీది రంగు

పుట్టపాకలో నూలుకు రంగులేసే మా అత్తమ్మ అండాలమ్మకు రొమ్ములో గడ్డ తేలింది. ఇప్పుడు ఏ ఆస్పత్రిలోనైనా గడ్డలోంచి చిటికెడు తీసి, గాజు గిన్నెల్లో పెంచి, ఒక్కోదానిలో ఒక్కో కీమో మందు పోసి చూస్తారు. పనిచేసేదే మనిషికి ఎక్కిస్తారు.

"మూడో గిన్నెలో మొత్తం కరిగింది. రేపే మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ.

"మందు ఎప్పుడు పోసిన్రు బిడ్డా?" అడిగింది అత్తమ్మ.

"నిన్న."

"తడి మీద రంగు నమ్మొద్దు. మేం ఒక్క చిలప నూలు ముంచి, నీడకు ఆరబెట్టి, మల్ల ఉతికి చూసినంకనే మొత్తం నూలు ముంచుతం. మీరు గూడ మందు కడిగేసి నాలుగొద్దులు ఆగి చూడుండ్రి."

నేను సిగ్గుతో ఆమె చెయ్యి పట్టి లాగాను. డాక్టరమ్మ మాత్రం గిన్నెల్లో మందు కడిగించి ఆగింది. ఐదో రోజుకు మూడో గిన్నెలో గడ్డ మళ్లీ పెరిగింది. నెమ్మదిగా కరిగిన రెండోది మాత్రం లేవలేదు. ఆ మందే ఎక్కించారు.

ఏడాదికి అత్తమ్మ రొమ్ములో గడ్డ లేదు. నిన్న చెకప్‌కు వెళ్తే, మా ముందున్నామె ఫలితం కోసం తొందరపడుతోంది.

"మీ గిన్నెలింకా ఆరలేదమ్మా, శుక్రవారం రాండ్రి," అంది నర్సు.

అత్తమ్మ నా వైపు తిరిగి చెయ్యి చాపింది.

"ఇప్పుడు లాగు."